ఎముకకు మెట్లెక్కడివి?

సందేహం: గురువుగారికి నమస్కారాలు. ఎముక, స్నాయువు (కండరాన్ని ఎముకకు కట్టి ఉంచేది) వంటివాటి నిర్మాణానికీ, జంతువుల ప్రవర్తనకూ ఇంగ్లీషులో 'హైరార్కీ' అనే ఒకే మాట వాడుతున్నారు. మాకు రెండింటికీ 'సోపానక్రమం' అని రాయిస్తున్నారు. సరైనదేనా?
– ఒక డిగ్రీ విద్యార్థి, దేవరకొండ

సమాధానం: సోపానమంటే మెట్టు. ఒక మెట్టు మరొక మెట్టుకు పైన ఉంటుందే గాని దాని లోపల ఉండదు. కోళ్ల గుంపులో ఏది దేన్ని పొడవవచ్చునో తెలిపే వరుసను నార్వే శాస్త్రవేత్త షెల్డెరప్ ఎబ్బె 1922లో వివరించాడు. దానికి సోపానక్రమమన్న మాట చక్కగా అతుకుతుంది. స్నాయువుకు అతకదు. అక్కడ కొలాజెన్ అనే ప్రోటీన్ అణువులు చేరి పోగులు, పోగులు చేరి నారలు, నారలు చేరి కట్టలు అవుతాయి. పెద్దది చిన్నదాని నెత్తిన కూర్చోలేదు, చిన్నవాటితోనే తయారైంది.

దీనికి మనకు మాట లేదనుకోవడం తాడు పేనడం చూడనివారి మాట. మా నల్లగొండ వైపు మోటబావులున్న రోజుల్లో వాకిట్లో కూర్చుని కిత్తనారకు పురి పెట్టేవారు. ఆ పురులను జతచేసి ఎదురువైపుకు మెలిపెడితే తాడు, తాళ్లను కలిపి మళ్లీ మొదటివైపుకు తిప్పితే మోకు. స్థాయి మారినప్పుడల్లా మెలి దిక్కు మారుతుంది కనుక, ఒకటి విడిపోబోతే రెండవది బిగుసుకుంటుంది. ఈ పురికే పిరి అని రూపాంతరం. మూడు పిరులది ముప్పిరి. తమిళులు జంధ్యాన్ని 'ముప్పురి నూల్' అనడంలో ఉన్నదీ ఇదే. పురికొస, పురికొల్పడం ఈ కుదురువే. నెమలి పురి సంగతి వేరు. 'ఆనందం ముప్పిరిగొన్నది' అని ధారాళంగా రాసే నేటివారిలో ఎందరికి ఆ మాటలో తాడు కనిపిస్తున్నదో! 'రెండు భావాలు ముప్పిరిగొన్నాయి' అన్న వాక్యాన్ని కూడా ఈ కళ్లతోనే చదివాను; మూడవది ఎక్కడ జారిపోయిందో రాసినవారే చెప్పాలి.

1954లో మద్రాసులో శాస్త్రవేత్తలు జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కొలాజెన్ అణువును మూడు పేటల పేనికగా ప్రతిపాదించారు. ఒక్కొక్క పేట ఎడమకు, మూడూ కలిసి కుడికి మెలి తిరుగుతాయని ఇప్పుడు అందరికీ తెలుసు. అది ముప్పిరి కాక మరేమిటి?

కాబట్టి స్నాయువుకు 'పిరుల అల్లిక' అంటే నాకు తృప్తి. ఎముకలో పైస్థాయిన పొరలు వస్తాయి, అక్కడ 'దొంతర' మేలు. 'బహుపిరి నిర్మాణం' అని మాత్రం కట్టకండి, అది సంస్కృతపు మాటకు తెలుగు మాటను అతికించిన వైరి సమాసం.

ఇక ప్రవర్తన. వీపున మూడు ముళ్లుండే చిన్న చేపను తీసుకుని, జంతు ప్రవర్తనను పరిశీలించిన శాస్త్రవేత్త టిన్‌బెర్గెన్ 1951లో సంతానోత్పత్తి ప్రేరణ కింద పోరాటం, గూడు కట్టడం, జతకూడడం వంటివాటిని, పోరాటం కింద మళ్లీ తరమడం, కరవడం వంటివాటిని చూపించాడు. తరమడం పోరాటంలో ఒక భాగమనుకుంటే అల్లిక. పైనుంచి ప్రేరణ దిగివస్తున్నదనుకుంటే మెట్లు. ఆయన చెప్పిన తీరు రెండవదానికే దగ్గర కనుక ఇక్కడ సోపానక్రమాన్ని నేను తప్పుపట్టలేను, మెచ్చుకోనూ లేను.

పరీక్షలో మాత్రం మీ పాఠంలో ఉన్నదే రాయండి. మార్కులు వేసేది నేను కాదు.