దుమ్మును ఆపొచ్చు, కార్బన్‌తోనే చిక్కు

క్వారీలు, సిమెంట్ ఫ్యాక్టరీల వల్ల జరిగే హానిని నిజంగా అదుపు చేయొచ్చా అని అడిగారు. దుమ్ము వరకైతే చాలావరకు చేయొచ్చు. రాయికి బెజ్జం వేసేటప్పుడు డ్రిల్లు మొన దగ్గర నీళ్లు వదిలితే పొడి పైకి లేవదు, బురదలా కారిపోతుంది. నీళ్లు లేకుండా వేస్తే, కళ్లలో పడే దుమ్ము కన్నా కంటికి ఆనని సిలికా రేణువులతోనే అసలు ముప్పు. ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తాయి, దాన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. ముఖానికి చుట్టుకునే తువ్వాలు వాటిని ఆపుతుందనుకోవడం ఉత్త భ్రమ.

పేల్చేటప్పుడు బెజ్జాలన్నీ ఒక్కసారే కాకుండా మిల్లీసెకన్ల తేడాతో పేలేలా అమర్చితే నేల అదురు తగ్గుతుంది. క్వారీ గోడ కూలిపడకుండా దాన్ని మెట్లుమెట్లుగా కోయాలి.

ఫ్యాక్టరీ గొట్టం నుంచి వచ్చే దుమ్మును బ్యాగ్ ఫిల్టర్లు పడతాయి, చిరిగిన సంచిని వెంటనే మారిస్తేనే సుమా! కార్బన్ డయాక్సైడ్ సంగతి వేరు. అందులో సుమారు 60 శాతం ఇంధనం నుంచి కాదు, కొలిమిలో సున్నపురాయి విడిపోవడం వల్లే వస్తుంది. బొగ్గు మానేసినా అది పోదు. అందుకే సిమెంట్‌లో క్లింకర్ (కొలిమిలో సున్నపురాయిని కాల్చగా వచ్చే గడ్డలు) తగ్గించి ఫ్లైయాష్ (బొగ్గు కాల్చగా వచ్చే సన్నటి బూడిద), స్లాగ్ (ఇనుము తయారీలో మిగిలే చిట్టెం) కలుపుతారు.