టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ ఒకటి లేత పసుపు, ఇంకోటి చిక్కగా ఎందుకుంటుంది?

రంగు చూసి పవర్ ఎక్కువా తక్కువా అని చెప్పలేం అండీ, ఎందుకంటే మందు అసలు తెల్లటి పొడి, మీకు కనిపించే పసుపు చాలావరకు దాన్ని కలిపిన నూనెదే. టెస్టోస్టిరాన్ రకాల్లో ఎనాంతేట్‌ని మామూలుగా నువ్వుల నూనెలో, సిపియోనేట్‌ని పత్తి గింజల నూనెలో కలుపుతారు, సస్టనాన్ అనే బ్రాండ్‌లో పల్లీ నూనె ఉంటుంది, అందుకే పల్లీలు పడనివాళ్లు డాక్టర్‌కి ముందే చెప్పాలి, ఇది మాత్రం మర్చిపోకండి. కొబ్బరి నూనె లాంటివాటి నుంచి తీసే ఎంసీటీ ఆయిల్ అయితే దాదాపు నీళ్లలా తేటగా, పల్చగా ఉంటుంది.

చిక్కదనంలో ఆముదమే ముందు. నెబిడో అనే టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ అందులోనే వస్తుంది, 4 ఎంఎల్‌లో 1000 ఎంజీ, దాన్ని తుంటి కండలోకి సుమారు 2 నిమిషాలు పట్టేలా మెల్లగా ఎక్కిస్తారు. ఆముదం సీసా వంచితే ఎలా సాగుతూ దిగుతుందో చూశారుగా, సన్న సూదిలోంచి అది పోవాలంటే అంతే మరి. బెంజైల్ బెంజోయేట్ లాంటి ద్రావకాలు కలిపితే కొంచెం పల్చబడుతుంది, చలికి మళ్లీ ఏ నూనైనా చిక్కబడుతుంది, సిపియోనేట్‌లో గింజల్లా స్ఫటికాలు కూడా కడతాయి, మందు సీసాని గోరువెచ్చగా చేసి ఊపితే కరుగుతాయి. అప్పటికీ కరగకుండా మసకగానో నలకలతోనో ఉంటే వేయించుకోకండి, మెడికల్ షాపులో వెనక్కిచ్చేయండి.