ఇన్‌పుట్ 3 నొక్కినా స్విచర్ మళ్లీ 1కే పోతోంది: సమాధానం

బటన్ పాడవలేదండీ, స్విచర్‌లో (పలు పరికరాల్లో ఒకదాని వీడియోని తెరకు పంపే పెట్టె) ఆటో స్విచ్, అంటే సిగ్నల్ చూసి తనే ఇన్‌పుట్ మార్చుకునే సెట్టింగ్, ఆన్‌లో ఉన్నట్టుంది. మాదాపూర్ సెమినార్ హాల్లో 3 నొక్కితే ల్యాప్‌టాప్ వచ్చి, కొద్ది సెకన్లకే 1లోని పోడియం పీసీకి పోతోందన్నారు కదా, ఆ లక్షణం దాదాపు దీనిదే.

1. సెటప్ మెనూలో ఆటో స్విచ్ ఆఫ్ చేసి మాన్యువల్ పెట్టండి. కొన్ని మోడళ్లలో ముందు ప్యానెల్ మీదే ఆటో బటన్ ఉంటుంది, దాని లైటు ఆరిపోవాలి.

2. తర్వాత 3 నొక్కి, పోడియం పీసీ మౌస్ కదపండి. చాలామంది వదిలేసేది ఇదే. స్విచర్ చూసేది బొమ్మని కాదు, సిగ్నల్‌ని. పీసీ నిద్రలేచి హెచ్‌డీఎంఐలో సిగ్నల్ పంపగానే, ఆటోలో ఉంటే ప్రయారిటీ ఎక్కువున్న 1 లాగేసుకుంటుంది. 3 కదలకుండా నిలిస్తే సమస్య తీరినట్టే.

3. ఆటోనే కావాలంటే ప్రయారిటీ లిస్టులో 3ని పైకి తెచ్చి సేవ్ చేయండి.

4. స్విచర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి, కరెంటు పోయొచ్చాక సెట్టింగ్ నిలుస్తుందో లేదో తెలుస్తుంది.

3 మీదే ఉన్నా తెర నల్లగా ఉంటే అది వేరే సంగతి. ఆ ఇన్‌పుట్ ఈడీఐడీని (ఏ రిజల్యూషన్‌లో పంపాలో ల్యాప్‌టాప్‌కి చెప్పే సమాచారం) 1080పీ 60కి పెట్టి, ల్యాప్‌టాప్ కేబుల్ తీసి మళ్లీ పెట్టండి.