కంపాస్ ఉన్న పాత పాకెట్ సన్‌డయల్ (ఎండ నీడతో టైం చూపించేది) అసలుదో నకిలీదో ఎలా తెలుస్తుంది? చెన్నైలో టైం చూపిస్తుందా?

పారిస్ కార్నర్ వైపు పాత సామాన్ల షాపులో చూశానన్నారు, ఇత్తడి డబ్బీ, లోపల కంపాస్, నీడ పడేందుకు మడిచే రేకు, పైన లండన్ అని చెక్కి ఉంది, షాపాయన రెండొందల ఏళ్ళనాటిదంటున్నాడు, కొని అమెరికాలో ఉన్న మీ బావగారికి పంపాలని ఉందన్నారు.

ముందు నకిలీ అనుకునే చూడండి. ఇలాంటి ఇత్తడివి రూర్కీలో ఇప్పటికీ చేస్తారు, లండన్ పేరు వాటి మీదా ఉంటుంది. నేను పాత కంపాస్‌లు పోగేస్తుంటానని మా మావయ్య ముచ్చటపడి ఒకటి కొనిచ్చాడు, ఆ నలుపంతా కెమికల్‌తో వేసిందే, కాస్త చింతపండు రాస్తే కొత్త చెంబులా మెరిసింది. (షాపులో దాని మీద ఈ ప్రయోగం చెయ్యకండి, అసలుదైతే ఆ పాత రంగు పోతే విలువా పోతుంది.)

నేనైతే పేరు చూడను, గీతలు చూస్తా. కింద పెట్టి చూసే డయల్‌లో రేకు వాలు ఏ ఊరికి చేశారో ఆ ఊరి అక్షాంశమంత ఉండాలి, గంటల గీతలూ దాన్ని బట్టే పడతాయి. లండన్ 51న్నర డిగ్రీలు కాబట్టి 12 గీతకీ 3 గీతకీ మధ్య దాదాపు 38 డిగ్రీలు రావాలి, అదే చెన్నైకి చేస్తే 13 కూడా రాదు, మధ్యాహ్నం గీతలన్నీ ఇరుక్కుపోతాయి. పిల్లల జామెట్రీ బాక్సులో ప్రొట్రాక్టర్ చాలు కొలవడానికి. మావయ్య ఇచ్చినదాంట్లో గంటకి 15 చొప్పున అన్నీ సమానంగా కొట్టేశారు, అది ఏ ఊళ్ళోనూ సరైన టైం చెప్పదు!

అసలుదైనంత మాత్రాన ఇక్కడ పనిచేస్తుందనీ లేదు. 1700 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని పారిస్‌లో బటర్‌ఫీల్డ్ అనే ఆయన చేసిన రకం చాలా ఫేమస్, చిన్న పిట్ట బొమ్మ ముక్కుతో అక్షాంశం చూపిస్తుంది, కానీ ఆ స్కేలు మామూలుగా 40 నుంచి 60 దాకానే, మన 13కి దిగదు. జర్మనీలో ఆగ్స్‌బర్గ్ వాళ్ళు చేసిన, రింగు వంచుకునే రకమైతే చాలావాటిని ఇక్కడికీ సెట్ చేసుకోవచ్చు.

కంపాస్ ముల్లు కూడా గమనించండి. యూరప్‌లో భూమి అయస్కాంతశక్తి ముల్లు ఉత్తరం కొసని బాగా కిందికి లాగుతుంది కాబట్టి అక్కడి ముల్లుకి దక్షిణం వైపు కాస్త బరువు పెట్టి బ్యాలెన్స్ చేస్తారు, మనం అయస్కాంత భూమధ్యరేఖకి దగ్గర, ఇక్కడ ఆ లాగుడు తక్కువ, అందుకే అక్కడి పాత ముల్లు ఇక్కడ దక్షిణం వైపు వాలి గ్లాసుకి రాసుకోవచ్చు. అలా వాలితే లోపం అనుకోకండి, నాకైతే అది మంచి గుర్తే.

టెస్ట్ మాత్రం డాబా మీద చెయ్యొద్దు, స్లాబులో కమ్మీలకి మా ఇంట్లో ముల్లు అడుగడుగుకీ ఒక దిక్కు చూపిస్తుంది, బీచ్‌కి తీసుకెళ్తే బుద్ధిగా నిలబడుతుంది. ఫోన్ కూడా దూరంగా పెట్టండి. వాచీతో కలవకపోతే కంగారుపడకండి, మన టైం 82న్నర రేఖాంశానిది, చెన్నై దానికి పడమర, ఆ లెక్కన 9 నిమిషాలు వెనక ఉంటుంది, దానికి ఏడాదిలో రోజుని బట్టి మారే సూర్యుడి సొంత తేడా కలిసి ఫిబ్రవరి మధ్యలో 23 నిమిషాలు వెనక, నవంబర్ మొదట్లో ఏడెనిమిది నిమిషాలు ముందు చూపిస్తుంది.

బావగారి సంగతంటారా, నిజంగా వందేళ్ళు దాటినదైతే 1972 పురావస్తువుల చట్టం ప్రకారం మనబోటివాళ్ళు దేశం బయటికి పంపకూడదు. షాపాయన ఒట్టేసి అసలుదంటూనే కొరియర్ కూడా నేనే చేయిస్తా సార్ అన్నాడంటే, ఆ డబ్బీకి షోపీస్ రేటు మించి ఒక్క రూపాయి ఇవ్వకండి.