చమురు, నీళ్లు కలిసి రాతిలో పారితే కొలత ఎందుకు తగ్గుతుంది?

స్తంభంలా కోసిన చిన్న ఇసుకరాయి ముక్క, అంటే ప్లగ్‌లో చమురు, నీళ్లు కలిసి పారేటప్పుడు రెండింటి రిలేటివ్ పర్మియబిలిటీ (రాతిలో ఒక్కటే నిండి పారేదానితో పోలిస్తే, రెండూ ఉన్నప్పుడు ఒక్కోటీ ఎంత సులువుగా పారుతుందో చెప్పే భిన్నం) కూడితే ఒకటి రావడం లేదు, పరికరంలో లోపమా అని అడిగారు. లోపం కాదండి. రెండూ అవే సన్నని సందుల్లోంచి పోవాలి కాబట్టి ఒకదానికొకటి అడ్డుపడతాయి. మొత్తం ఒకటికి తక్కువ రావడమే సహజం.

అలాగని తక్కువ వచ్చిన ప్రతి అంకె సరైనదే అనుకోకండి. బావి రాతిని పరీక్షించే కోర్ ల్యాబ్‌లో చేరిన కొత్తలో నాకొకటి జరిగింది. ప్లగ్ వ్యాసం 38 మిల్లీమీటర్లు, పొడవు 75. సందులు 20 శాతం, అంటే లోపల పట్టేది 17 సీసీలే. ఉప్పునీళ్లు నింపి, వాటిని చమురుతో తోసి, మళ్లీ నిమిషానికి ఒక సీసీ చొప్పున ఉప్పునీళ్లు పంపుతున్నాను. అవతల గీతల గాజుగొట్టంలో చమురు మాత్రమే చేరుతోంది. తొలి నీటిచుక్క పడే క్షణం తప్పిపోతుందేమోనని టెన్షన్, చూపు తిప్పలేదు. చుక్క పడగానే టైం రాశాను. లెక్కవేస్తే చమురు మరీ ఎక్కువొచ్చింది. సీనియర్ గారు కాగితం చూసి, "ట్యూబుల్లోది తీసేశావా?" అని ఒక్క మాటే అడిగారు. ప్లగ్ నుంచి గాజుగొట్టం దాకా ఉన్న ట్యూబులో ముందే 2 సీసీల చమురు నిలిచి ఉంది. 17లో 2 అంటే దాదాపు 12 శాతం తప్పు!

ఆ తొలిచుక్క తర్వాత రాసుకున్న చమురు, నీళ్లు, పీడనం కొలతల నుంచే 1959లో జాన్సన్, బాస్లర్, నౌమన్ ఇచ్చిన పద్ధతిలో చమురు, నీళ్ల రిలేటివ్ పర్మియబిలిటీ గ్రాఫులు రెండూ లెక్కగడతారు. చమురు మరీ పలుచనైతే చుక్క పడ్డాక ఇక పెద్దగా రాదు, గ్రాఫులో చిన్న ముక్కే చేతికొస్తుంది. అప్పుడు రెండింటినీ ఒక నిష్పత్తిలో కలిపి పంపి, పీడనం నిలకడపడేదాకా ఆగే స్టెడీ స్టేట్ పద్ధతే మేలు. ఒక్కో నిష్పత్తికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది.

నన్నడిగితే పంపుకన్నా రాయిని ఎక్కువ పట్టించుకోవాలి. టొల్యూన్ అనే ద్రావణి‌తో కడిగిన ఇసుకరాయికి సాధారణంగా నీళ్లే అంటుకుంటాయి. భూమిలో అదే రాతి గోడలకు ముడిచమురు పట్టి ఉండొచ్చు. అలాంటి రాయిని కడిగిన వెంటనే కొలిస్తే నీటి పారుదల అసలుకన్నా తక్కువ కనబడుతుంది, బావిలోకి నీళ్లు ఎప్పుడొస్తాయన్న అంచనా తప్పుతుంది. అందుకే ప్లగ్‌ను ఆ బావి ముడిచమురులోనే, అక్కడి వేడిలో, కొన్ని వారాలు నానబెట్టాలి. పైవాళ్లు తొందరపెడతారు, ఒప్పుకోకండి.

డిస్టిల్డ్ వాటర్ మాత్రం పంపకండి. రాతిలో ఉబ్బే రకం బంకమట్టి ఉంటే సందులు మూసుకుపోతాయి, ఆ ప్లగ్ ఇక పనికిరాదు. మీ చమురు ఎంత చిక్కనో, ప్లగ్ ఎన్నాళ్లు నానిందో రాయండి, ఏ పద్ధతి సరిపోతుందో చెప్తాను.