కారుకు గాలి నింపక్కర్లేని (ఎయిర్‌లెస్) టైర్లు వేయించుకోవచ్చా? ఫోర్క్‌లిఫ్ట్‌ల దగ్గర పనిచేసిన నా అనుభవం

మీరు రాసింది చదివాక జవాబివ్వకుండా ఉండలేకపోయాను. శ్రీశైలం నుంచి వస్తుంటే అడవి దారిలో పంచర్, తీసి చూస్తే స్టెప్నీలోనూ గాలి లేదు, వెనక సీట్లో అమ్మగారు, రాత్రి తొమ్మిదికి చెక్‌పోస్టు మూసేస్తారన్న కంగారు. ఇంటికొచ్చాక ఎవరో అసలు గాలే నింపక్కర్లేని టైరు వీడియో పంపితే "ఇవి నా కారుకు వేయించుకోవచ్చా?" అని అడిగారు.

ఇప్పటికైతే కుదరదండి. మామూలు కార్లకు ఇవి ఇంకా షాపుల్లో అమ్మకానికి రాలేదు. పైగా మన 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 94వది గాలి నింపే టైర్లే ఉండాలంటుంది. నియమం రేపు మారొచ్చు. అసలు చిక్కు వేరే ఉంది, అది నేను చేత్తో తాకి తెలుసుకున్నది.

మేడ్చల్ దగ్గర ఒక గోదాములో తొమ్మిదేళ్లు ఫోర్క్‌లిఫ్ట్‌ల మెయింటెనెన్స్ చూశాను. వాటికుండేవి సాలిడ్ టైర్లు, లోపలిదాకా రబ్బరే. మేకులు, ప్యాకింగ్ ఇనప పట్టీలు ఎన్ని తొక్కినా పంచర్ అన్న మాటే లేదు. కానీ నేల మీద అతుకు దాటినప్పుడల్లా దెబ్బ సూటిగా డ్రైవర్ నడుముకు తగిలేది. ఒక ఎండాకాలం, లారీ రాలేదని రెండు కిలోమీటర్ల అవతలి షెడ్డుకు తారు రోడ్డు మీదే సరుకు మోయించారు, సాయంత్రం దాకా అటూ ఇటూ. తిరిగొచ్చాక టైరు మీద చెయ్యి ఆనించలేకపోయాను. మర్నాడు అంచుల్లో అరచెయ్యంత ముక్కలు ఊడి ఉన్నాయి. రబ్బరు నలిగిన ప్రతిసారీ కొంత వేడి పుడుతుంది. లోపలంతా రబ్బరే అయితే ఆ వేడి త్వరగా బయటికి పోలేదు.

గాలి టైర్లో బరువు మోసేది ముఖ్యంగా గాలి. నలిగే రబ్బరు పలచగానే ఉంటుంది. గాలిని ఎన్నిసార్లు నొక్కినా అరగదు, పగలదు. మా తాత ఇనప పట్టా చక్రాల బండి తీసేసి టైరు బండి కొన్నాక, అవే ఎడ్లు ఎక్కువ బస్తాలు లాగాయని చివరిదాకా చెప్పేవాడు.

మీరు చూసిన వీడియోలోవి సాలిడ్ టైర్లు కావు, చాలా తెలివైనవి. టైర్ల కంపెనీ మిషెలిన్ 2005లో చూపించిన ట్వీల్‌నే తీసుకోండి. బయటి రబ్బరు పట్టీకీ మధ్యలోని హబ్‌కీ నడుమ, బండిచక్రానికి ఉన్నట్టే ఆకులుంటాయి, పాలీయురెథేన్‌వి. తేడా ఏంటంటే బరువు కింది ఆకుల మీద పడదు. అవి వంగి తప్పుకుంటాయి, బండి పై ఆకులకు వేలాడుతుంది. ఈ ఆలోచనంటే నాకు నిజంగా గౌరవం. గడ్డి కోసే బండ్లకూ చిన్న లోడర్లకూ ట్వీల్ అమ్ముతున్నారు కూడా. అయితే అవన్నీ నెమ్మదిగా నడిచేవి.

హైవే మీద లెక్క మారిపోతుంది. మన చిన్న కారు చక్రం చుట్టుకొలత సుమారు 1.9 మీటర్లు. 100 కిలోమీటర్ల వేగంలో ఒక్కో ఆకు సెకనుకు 14 సార్లకు పైగా వంగి లేవాలి, మన రోడ్డు ఎండలో, గంటలకొద్దీ. తొలినాటి ట్వీల్ నమూనాలు 80 కిలోమీటర్ల వేగం దాటితే వణికేవి, మోత వచ్చేది, వేడెక్కేవి.

ఇంకొకటి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. మీ డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ చూడండి. ఇద్దరున్నప్పుడు ఎంత గాలి, అయిదుగురూ సామానూ ఉంటే ఎంత అని చాలా కార్లకు విడివిడిగా రాసి ఉంటుంది. బరువును బట్టి గాలి పెంచుకుంటాం. ఆకుల గట్టిదనం ఫ్యాక్టరీలోనే ఖాయమైపోతుంది. అయిదుగురికి సరిపడా గట్టిగా చేస్తే, ఒక్కరే వెళ్లినప్పుడు ప్రతి గుంతా తెలుస్తుంది. ఇక వానాకాలం నల్లరేగడి దారిలో ఆ ఆకుల మధ్య బురద ఇరుక్కుని ఒకవైపే ఎండిందనుకోండి, బ్యాలెన్సింగ్ పోయి స్టీరింగ్ వణుకుతుంది.

అలాగని ఇది పనికిరానిదని అనను. 2019లో మిషెలిన్, జనరల్ మోటార్స్ కలిసి మాంట్రియల్‌లో అప్టిస్ అనే కారు టైరు చూపించాయి. ఆకుల్లో గ్లాస్ ఫైబర్ కలిపారు. 2024కల్లా కార్లకు తేవాలనుకున్నారు, ఆ ఏడాది దాటిపోయింది. కానీ 2023లో సింగపూర్‌లో డీహెచ్‌ఎల్ డెలివరీ వ్యాన్లకు వేసి నడిపించారు. నాకిది సరైన దారనిపిస్తుంది. ఊళ్లోనే తిరిగే బండి, వేగం తక్కువ, రాత్రికి షెడ్డుకు చేరుతుంది, మెకానిక్ రోజూ చూస్తాడు. పక్కగోడ కోసుకుపోయి టైరు పారేయడం, గాలి తక్కువై అరిగిపోవడం అక్కడ నిజంగా తప్పుతాయి. మన దగ్గరికి వచ్చినా ముందు అలాంటి బండ్లకే వస్తాయి.

మీకు ఇప్పుడు కావాల్సింది అమ్మగారితో ధైర్యంగా ఊరెళ్లి రావడం. రన్‌ఫ్లాట్ టైర్లు పంచరైనా 80 వేగంలో 80 కిలోమీటర్లు పోతాయి, కానీ గట్టిగా ఉంటాయి, ఖరీదెక్కువ, గాలి తగ్గితే చెప్పే సెన్సర్లూ ఉండాలి. మీ చిన్న కారుకు నేను వద్దంటాను. గాలి నింపే 12 వోల్టుల కంప్రెసర్ ఒకటి డిక్కీలో పెట్టుకోండి. ట్యూబ్‌లెస్‌లో మేకు దిగితే అక్కడికక్కడే పీకకండి. చాలాసార్లు గాలి మెల్లగానే దిగుతుంది, నింపుకుంటూ పంచర్ షాపు దాకా రావచ్చు. నెలకోసారి, పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు, స్టెప్నీతో కలిపి అయిదింటికీ గాలి చూడండి. స్టెప్నీ పక్కగోడ మీద నాలుగంకెలు వెతకండి. 2316 అని ఉంటే 2016లో 23వ వారం తయారైందని అర్థం. మీదీ అంత పాతదైతే, ఎంత కొత్తగా కనిపించినా ఈసారి ఘాట్ ఎక్కేముందే మార్చేయండి.