అమ్మానాన్నలతో బాలి: గుళ్ల జాబితా కన్నా ముందు చూసుకోవలసింది

మీ ప్రశ్న చదివాను: అమ్మానాన్నలతో వారం రోజులు బాలి వెళ్తున్నారు, బీచ్‌ల కన్నా అక్కడి హిందూ సంస్కృతి చూడాలని ఉంది, ఏయే గుళ్లకు వెళ్లాలి అని. మా అమ్మానాన్నలతో వెళ్లి వచ్చినవాడిగా నా సలహా ఒకటే. ముందు పండుగల తేదీలు చూసుకోండి, గుళ్లు తర్వాత ఎంచుకోవచ్చు.

ఎందుకంటే బాలి గుడి మన గుడిలా ఉండదు. గర్భగుడి, మూలవిరాట్టు, దర్శనం వరుస కోసం పెద్దవాళ్లు వెతుకుతారు, కనిపించవు. ఆరుబయట ప్రాకారాలు, నల్లటి పీచు కప్పిన అంతస్తుల గోపురాలు (మేరువులు), చాలాచోట్ల పద్మాసనం అనే ఖాళీ రాతి పీఠం ఉంటాయి. గుడి వార్షికోత్సవాన్ని ఒడలాన్ అంటారు. ఆ రోజు దేవతలు దిగివచ్చి అక్కడ కొలువుంటారని వారి నమ్మకం. చాలా గుళ్లకు ఇది వారి పంచాంగం లెక్కన 210 రోజులకోసారి వస్తుంది. మామూలు రోజున వెళ్తే ఎంత పెద్ద గుడైనా రాతి కట్టడమే కనిపిస్తుంది. ఒడలాన్ నాడు చిన్న ఊరి గుడిలో కూడా గామెలాన్ అనే వాద్యబృందం మోగుతుంది, ఆడవాళ్లు పండ్లూ పిండివంటలూ గోపురంలా పేర్చిన నైవేద్యాలను తలమీద పెట్టుకుని వరుసగా వస్తారు.

అందుకే కూటా, సెమిన్యాక్ లాంటి బీచ్ ప్రాంతాల వైపు కాకుండా ఉబుద్ చుట్టుపక్కల పల్లెలో, ఒక కుటుంబం నడిపే ఇంట్లో దిగండి. మేము దిగిన ఇంటావిడ తమ ఊరి ఒడలాన్‌కు మమ్మల్ని కూడా రమ్మన్నారు. నడుముకు చుట్టుకునే కామెన్, దానిపై కట్టే సెలెందాంగ్ ఆవిడే ఇచ్చారు. నేలమీద కూర్చుని, వేళ్ల కొసల మధ్య పువ్వు పట్టుకుని చేతులు నుదుటిపైకి ఎత్తాలి. ఒకసారి ఖాళీ చేతులతో మొదలుపెట్టి, మూడుసార్లు పువ్వులతో, మళ్లీ ఖాళీ చేతులతో ముగిస్తారు. తర్వాత పమాంకు, అంటే గుడి పూజారి, తీర్థం చిలకరించి అరచేతిలో పోస్తాడు. మూడుసార్లు పుచ్చుకుని, మిగిలింది ముఖానికి రాసుకుని, తడి బియ్యపు గింజలు నుదుటిపై అద్దుకోవాలి. మా అమ్మకు అక్కడి భాష ఒక్క ముక్క రాదు. కానీ తీర్థం అనగానే కుడి అరచేయి దానంతటదే గుంటలా మారింది. ప్రయాణం మొత్తంలో ఆమె ఇప్పటికీ చెప్పుకునేది ఆ పూటే. పిలుపు లేకుండా లోపలి ప్రాకారంలోకి మాత్రం వెళ్లకండి. పూజకు వచ్చినవారికే తప్ప చూడటానికి వచ్చినవారికి చాలా గుళ్లలో అక్కడ ప్రవేశం లేదు. నెలసరిలో ఉన్నవారు రాకూడదన్న నియమం కూడా గుడి బయటే రాసి ఉంటుంది.

గాలుంగాన్ పండుగకు వెళ్లగలిగితే అంతకన్నా అదృష్టం లేదు. ఇదీ 210 రోజులకోసారే. వీధి పొడవునా ప్రతి ఇంటి ముందూ కొబ్బరాకుల అల్లికలతో వంగిన పొడవాటి వెదురు గడలు, అంటే పెంజోర్లు, నిలబెడతారు. ఇంకొకటి న్యెపీ, వారి శక సంవత్సరాది. 2023లో అది మన ఉగాది రోజునే, మార్చి 22న వచ్చింది. మన శాలివాహన శకంలాగే వారికీ అది 1945. కానీ ఆ రోజు నిప్పు రాజేయరు, పని చేయరు, బయటికి రారు. విమానాశ్రయం కూడా 24 గంటలు మూతపడుతుంది, పర్యాటకులు బస దాటకూడదు. ముందురోజు సాయంత్రం ఊరేగించే ఒగోహ్-ఒగోహ్ భూతాల బొమ్మలు చూడటానికైనా వెళ్లవచ్చు. అయితే మీ తిరుగు టికెట్టు ఆ తేదీన పడకుండా చూసుకోండి.

పండుగ ఏదీ దొరకకపోయినా మీ పెద్దవాళ్లు నిరాశపడరు. పొద్దున్నే ఇంటి ముందు నిలబడితే చాలు. కొబ్బరాకు దొన్నెలో తూర్పున తెలుపు, దక్షిణాన ఎరుపు, పడమర పసుపు, ఉత్తరాన నీలం లేదా ఆకుపచ్చ పూలు పెట్టి, అగరువత్తి వెలిగించి, పువ్వుతో నీళ్లు చిలకరిస్తారు. దీన్ని చనాంగ్ సారి అంటారు. గుమ్మంలోనూ, దుకాణం మెట్టుమీదా, నాలుగు దారులు కలిసే చోటా ఉంటాయి, చూసుకుని అడుగు వేయండి.

ఇక స్థలాలు. తంపక్‌సిరింగ్‌లోని తీర్థ ఎంపుల్ వదలొద్దు. 962 నాటి ఊట కోనేరు అది. తెల్లవారగానే వెళ్తే జనం తక్కువ, ధారల కింద స్నానం చేయవచ్చు. చనిపోయినవారి కర్మలకు కేటాయించిన ధారలు ఉన్నాయి, వాటిని అక్కడివారిని అడిగి తెలుసుకుని దాటేయండి. ఉలువతూ గుడి దగ్గర కొండ అంచున సూర్యాస్తమయ వేళ కెచక్ అనే రామాయణ నృత్యనాటకం చూడండి. వాద్యం ఒక్కటీ లేదు, వలయంగా కూర్చున్న మగవాళ్ల గొంతులే తాళం. ఇప్పటి రూపం 1930లలో ఏర్పడినదే అయినా, హనుమంతుడు మంటల్లో నుంచి వచ్చేసరికి మా నాన్నగారు లేచి నిలబడ్డారు. కోతులు కళ్లజోళ్లు లాక్కుంటాయి, జాగ్రత్త. సముద్రపు ఒడ్డు గుడి తానా లోట్ నాకు జనసందోహంగానే అనిపించింది. బెసాకిహ్ గుడి గొప్పదే, కానీ మోకాళ్ల నొప్పులుంటే మెట్లు కష్టం.

మీది వ్యవసాయ కుటుంబమైతే వరి మడుల ఊరు జతిలువిహ్‌కు ఒక పూట పూర్తిగా ఇవ్వండి. అక్కడి మడిచెక్కలు సుబాక్ అనే రైతు సంఘాల నీటి పంపిణీపై నడుస్తాయి. ఎవరు ఎప్పుడు నాటాలో, నీళ్లు ఎప్పుడు వదలాలో నీటి గుళ్ల దగ్గర కలిసి నిర్ణయించుకుంటారు. 2012లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. కాలువ కింద వరి పండించిన మా నాన్నగారు గట్టుమీద కూర్చుని, చివరి మడికి నీళ్లు అందకపోతే ఎవరిని అడుగుతారని డ్రైవరు ద్వారా ఒక రైతును అడిగారు. సంఘం పెద్దను, అని జవాబు. ఆ తర్వాత గంటసేపు వాళ్లిద్దరూ సైగలతోనే మాట్లాడుకున్నారు.

భోజనం సంగతి: పంది మాంసం బాగా తింటారు. శాకాహారులైతే టెంపే (పులియబెట్టిన సోయా గింజల ముద్ద), గాడో-గాడో (వేరుశనగ పచ్చడి కలిపిన కూరగాయలు) దొరుకుతాయి, కానీ సాంబల్ కారంలో తెరాసి అనే రొయ్యల ముద్ద కలుపుతారు. ఆర్డరు ఇచ్చేటప్పుడే 'తన్పా తెరాసి', అంటే తెరాసి లేకుండా, అనండి, వేయకుండా చేసి పెడతారు.